అతార్‌లో ఎయిర్ ఫిల్టరు

"ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి?" అంది తూతూ.
పుస్తకంలో ఉన్న అంకె తారు రోడ్లది.
ఇక్కడ ఎడారి గాలి ఎప్పుడు లేస్తే అప్పుడే లెక్క.
ఒంటెకైతే ముక్కు మూసుకోవడం తెలుసు,
ఈ ముసలి పెజో కారుకి
పీల్చడం ఒక్కటే వచ్చు.

మేస్త్రి యహ్దీహ్ నాలుగు క్లిప్పులూ విప్పి
మూత మెల్లిగా ఎత్తాడు,
నిద్రపోయే పిల్ల మీది దుప్పటి తీసినట్టు.
ఒక్క రవ్వ గొంతులోకి జారినా ఇంజనుకు చేటు.
మడతల కాగితాన్ని ఎండకు పట్టాడు.
అవతల సూర్యుడు లేడు.

తడిగుడ్డతో డబ్బా తుడిచాను.
కొత్తది కూర్చోబెట్టి
రబ్బరు అంచు చుట్టూ వేలు తిప్పాను,
ఎక్కడా సందు లేదు.

పాతదాన్ని బండకేసి తట్టాడు మేస్త్రి.
ఎర్రగా రాలింది.
"నెలంతా సముద్రం వైపే తిరిగాడు మా ఆయన,
చేపల లోడు,"
ఎవరూ అడక్కుండానే చెప్పింది.

నా చేతిలో అయస్కాంతపు స్క్రూడ్రైవరు.
దాని మొనకు ఆ దుమ్ము
వెంట్రుకల్లా లేచి నిలబడింది.
సముద్రపు ఇసక అలా లేవదు.
ఇనుప గనులున్న జువేరాత్ అటు కాదు, ఇటు.

మేస్త్రి నా కాలు తొక్కాడు.
"ఇసక ఎక్కడిదైనా ఇసకేనమ్మా."

తూతూ స్క్రూడ్రైవరు వంకే చూసింది.
డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది.
పాతదాన్ని
కాగితంలో చుట్టి ఇమ్మంది.