కుర్చీ హాజరు

గేటు కాడ పచ్చబోర్డు.
ప్రమాదం లేని రోజులు: 213.
పొద్దున్నే ఆరున్నరకు సేఫ్టీ ఆఫీసరు
తడిగుడ్డతో నిన్నటి అంకె తుడిచి
ఈ పొద్దుది రాస్తాడు.
సుద్దముక్క నా స్టోరులోంచే పోవాల,
దానికీ ఒక సంతకం.

స్వర్ణముఖి మీద వంతెన మాది.
నీళ్లు లేని ఏటికి ఇంత వంతెనెందుకని
ఏర్పేడు పక్కోళ్లు నవ్వుతారు.
వానొచ్చిన ఏడు చూడండప్పా, అంటాడు చెంగల్రాయులు.
వాళ్ల తాత ఇదే ఇసకలో చెలమ తవ్వి
దోసకాయలు పండించినోడు.

మనవడి చేతిమాట క్రేను వింటుంది.
పైన కేబిన్లో రాంబిలాస్, ఛప్రా నుంచి వచ్చినోడు.
వీడికి హిందీ రాదు, వాడికి తెలుగు రాదు.
చూపుడు వేలు పైకెత్తి సున్నా చుడితే ఎత్తు,
కిందికి చుడితే దించు.
నలభై టన్నుల దూలం
ఒక గోటి చివర తిరిగేది.

గ్లౌజులు అయిపోయి పదకొండు దినాలు.
ఇండెంటు నేనే రాసినా, మూడు కాపీలు.
తెల్లది మేనేజరు టేబులు మీద
టీ గ్లాసు కింద గుండ్రటి మరకై ఉండాది.
ఈ సంగతి నన్నెవరూ అడగలా.
అడిగితే చూపిద్దామని గులాబిరంగు కాపీ
జేబులో పెట్టుకోని తిరగతా ఉండా.

హుక్కుకీ స్లింగుకీ నడుమ.
అరవను కూడా అరవలా.
"యాడ పడిందో చూడండప్పా" అన్నాడంతే,
చెప్పు తెగిపోయినోడి మాదిరి.

జీపు రుయాకు పోలా.
పెద్దాస్పత్రిలో ఎట్లా ఎందుకని రాసుకుంటారంట.
రేణిగుంటలో ఒక మేడమెట్ల కింద
కట్టు కట్టించి ఇంటికాడ దింపినారు.

మర్నాడు ఏడింటికి
అదే జీపు ఆయన్ని ఎక్కించుకోనొచ్చింది.
నా స్టోరులో కుర్చీ వేసినారు.
ఊరికే కూర్చో, హాజరు పడతాది, అన్నారు.
పనికొచ్చినాడు కాబట్టి పనిదినం పోలేదు,
పనిదినం పోలేదు కాబట్టి ప్రమాదం కాలేదు.
గేటు కాడ 214.

నాలుగు దినాలు కూర్చున్నాడు,
నెత్తిన హెల్మెట్టుతో.
కుర్చీలోకి అదెందుకన్నా అంటే
ఫొటో తీస్తారేమో, అన్నాడు.
కన్నెమ్మ కట్టించిన సంగటీ ఊరుబిండీ
ఎడంచేత్తో తినేదానికి సిగ్గుపడి
గోడ దిక్కు తిరిగినాడు.

అయిదో దినం గ్లౌజుల మూటొచ్చింది, రెండొందల జతలు.
ఊరికే కూర్చోలేక ఆయనే లెక్కపెట్టినాడు.
నడాన ఆగి, కుడిచేతిది ఒకటి తీసి
చూపుడు వేలు లోపలికి నొక్కి చూసి
మళ్లీ బయటికి లాగినాడు.
"జతకు పది వేళ్లు గదా.
నాకిస్తే రిజిస్టర్లో తొమ్మిదని రాస్తావా?"
నవ్వాల్నో వద్దో తెలీక
పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టినా.

ఇప్పుడు మళ్లా ఏట్లోనే ఉండాడు.
ఎత్తు అనేదానికి నడిమి వేలు చుడతాడు.
మొదటి దినం రాంబిలాస్
కేబిన్లో పగలబడి నవ్వినాడంట.
రెండోనాటి నుంచి నవ్వలా.

మొన్న సందేళ
గ్లౌజులో ఆ ఖాళీ వేలు పటపట కొట్టుకుంది.
గాలిమీటరు ముల్లు ఇంకా పచ్చలోనే ఉండాది.
చెంగల్రాయులు రెండు చేతులూ బార్లా చాపినాడు.
దూలం ఆకాశంలో నిలిచిపోయింది.
కింద నుంచి ఇంజనీరు గొంతు చించుకున్నాడు.
వినపడనోడి మాదిరి
నడిమి వేలు మెల్లగా కిందికి చుడతా పోయినాడాయన.
పావుగంటకు కాళాస్త్రి దిక్కు నుంచి ఇసక లేచి
నా షెడ్డు రేకులు రెండు ఎగరేసుకపోయింది.
దూలం నేల మీద ఉండాది,
దాని మీద రాంబిలాస్ కూర్చోని
బీడీ అంటించుకోలేక అగ్గిపుల్లలు గీస్తా ఉండాడు.

ఎగిరిన రేకులకు ఇండెంటు రాసినా.
ఎగరని దూలానికి కాగితం లేదు.

ఈ పొద్దు 258.
సుద్దముక్క కోసం ఆఫీసరు వచ్చినాడు.
డబ్బా ఆ గులాబి కాపీ కింద ఉండాది సారూ,
నువ్వే ఎత్తి తీసుకో, అన్నా.