దిగుడు పాట

అడెరితుకి చెవులు బాగానే వినిపిస్తాయి.
ఆ సంగతి నాకు మూడో వారానికి గానీ తట్టలేదు.

స్వరపేటిక తీసేశాక ఆయన పలక మీద రాసేవాడు.
నేనూ పెన్ను లాక్కుని అదే పలక మీద
జవాబు రాసేదాన్ని,
పెద్ద పెద్ద అక్షరాలతో, కింద గీతలు కొట్టి మరీ.
ఓ పొద్దున అంతా తుడిచేసి రాశాడు:
"మాట పోయింది నాకు. మీకేమైంది డాక్టరమ్మా?"
నర్సు గ్రాసా నవ్వాపుకోలేక
సెలైన్ సీసా వైపు తిరిగిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు
పెనీష్ రేవులో చేపల వేలం పాడిన మనిషి.
అక్కడ పాట ఎక్కదు, దిగుతుంది.
నలభైతో మొదలెట్టి ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది,
ఊపిరి తిప్పుకోకుండా కిందికి, కిందికి,
ఎవరో ఒకరు చెయ్యెత్తి ఆపేదాకా.
తొందరపడితే డబ్బు దండగ.
తాత్సారం చేస్తే చేప పక్కవాడిది.
ఇదంతా చెప్పడానికి
పలక ఆరుసార్లు తుడవాల్సి వచ్చింది.

అక్టోబరులో స్కాన్ వచ్చింది.
నా దగ్గర కొన్ని వాక్యాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి,
ఆసుపత్రి దుప్పట్లలా ఉతికి మడతపెట్టినవి.
ఒకటి తీసి పరిచాను.
"ఊపిరితిత్తుల్లో కొన్ని మచ్చలు..."
ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు.
"మందు పట్టిన వాళ్లకి మూడేళ్లు,
మీ వయసుకి రెండనుకోండి,
మళ్లీ తిరగబెట్టింది కనుక
పద్దెనిమిది నెలలు, పధ్నాలుగు, పన్నెండు..."

చెయ్యెత్తాడు.

అరచేతి నిండా ఉప్పు కోసిన పాత గీతలు.
నా నోట్లో ఇంకా రెండు అంకెలున్నాయి. మింగేశాను.

నిదానంగా రాశాడు:
"చాలు. పన్నెండు దగ్గర నేను పాడుకున్నాను."

పెన్ను కోసం అలవాటుగా చెయ్యి చాచాను.
ఇవ్వలేదు.
గొంతు కింది రంధ్రంలోంచి గాలి
వస్తూ పోతూ వినిపిస్తోంది.
చివరికి నోటితోనే అడిగాను,
"ఇప్పుడేం చేద్దాం?"
"కొన్నది ఇంటికి తీసుకెళ్లాలి.
ఇక్కడ పెడితే పాడైపోతుంది."

అప్పట్నుంచీ అంకెలు చెప్పేటప్పుడు
మెట్టు మెట్టుకీ ఆగుతున్నాను,
ఎదుటివాళ్ల చేతులు చూస్తూ.
కొందరు అసలెత్తరు.
ఒకాయన మొదటి అంకె కన్నా ముందే ఎత్తాడు.
నిన్న ఒకావిడ చెయ్యి లేచింది.
సగం మాటలో ఆగిపోయాను.
ఆవిడ విగ్గు సర్దుకుని,
"చెప్పండి, వింటున్నా" అంది.