నూటికి యాభై

టాంపెరెలో నవంబరు. మూడున్నరకే చీకటి.
కిటికీ కింద ఏరు
పాత నూలుమిల్లుల మధ్య నుంచి నురగ కక్కుతూ పోతోంది.

నాది పెళ్లిళ్ల పేరయ్య పనే.
కాకపోతే ఇద్దరిని కాదు, పదిమందిని కలపాలి.
కలిపి, చెరో అయిదుగురిగా విడదీసి
ఇక కాల్చుకోండి అనాలి.
అదీ నలభై సెకన్లలో.

జాతకాలు చూస్తాను.
ఒక్కొక్కరికి ఒక అంకె,
పక్కనే ఆ అంకె మీద నాకున్న అనుమానం
ఇంకో అంకె.
కొత్తవాడి మీద అనుమానం లావుగా ఉంటుంది,
రెండు వందల ఆటలయ్యేసరికి
సబ్బుబిళ్లలా అరుగుతుంది.

పింగ్ కుదిరితే ఈడు కుదరదు,
ఈడు కుదిరితే ఓపిక కుదరదు.
జట్టుగా వచ్చిన అయిదుగురి ముందు
ఎవరికి వారుగా వచ్చిన అయిదుగురిని నిలబెడితే
లెక్క సరిపోతుంది, ఆట సరిపోదు.
ఒకరి జోకుకి ఒకరు నవ్వే వాళ్ల బలానికి
నా దగ్గర తూకంరాయి లేదు.
డెబ్బై పాయింట్లు కలుపు, అంటాడు వేర్నెరి.
డెబ్బయ్యే ఎందుకంటే
భుజాలెగరేస్తాడు.

రాత్రి మూడింటికి వరసలో పదకొండు మందే.
ముప్పై సెకన్లకోసారి వల వెడల్పు చేస్తాను.
ఏడో నిమిషానికి అందులో
తిమింగిలమూ చేపపిల్లా పక్కపక్కనే.
ఆ పదకొండో మనిషికి ఏం చెప్పను?

సమానమైన ఆట అంటే
నూటికి యాభై ఓటమి.
ఈ మాట ఆటగాడికి చెప్పకూడదని
మా గోడ మీద రాయలేదు గానీ, అందరికీ తెలుసు.
గెలిస్తే వాడి గొప్ప.
ఓడితే నా జతకూర్పు.

ఈ వారం ఒకడు దొరికాడు.
ఆటపేరు ఉప్పుబండి. అంకె రెండువేల నూట నలభై.
మూడు వారాల్లో అరవై ఒక్క ఓటమి.
గోడవైపు తిరిగి నిలబడ్డాడు,
తుపాకి నేలకు కాల్చాడు.
లాత్వియా కుర్రాడొకడు ఫిర్యాదులో
పెద్ద అక్షరాలతో ఏడ్చాడు.
నిషేధించాను. జవాబు వచ్చింది:

"కెమియార్విలో రోడ్ల మీద మంచు తోస్తాను.
మా పిహ్లా తుర్కులో వాళ్ల అమ్మ దగ్గర.
శనివారం రాత్రి ఇద్దరం కలిసి ఆడుకుంటాం.
దాని అంకె తొమ్మిది వందలు.
తేడా అయిదు వందలు దాటితే
ఒకే జట్టులోకి రానివ్వరు మీరు.
అది పైకి ఎక్కలేదు,
నేనే దిగి వస్తున్నాను.
ఉత్తి ఆట ఆడుకోవచ్చుగా అంటారేమో,
పదహారేళ్ల పిల్ల, దానికి బిళ్ల కావాలి,
కంచుదైనా సరే."

రెండుసార్లు చదివాను.
తర్వాత, పాడు అలవాటు, లెక్క కట్టాను.
అరవై ఒకటి నాలుగుల రెండు వందల నలభై నాలుగు.
అంతమంది రాత్రుళ్లు.
తండ్రి మెట్లు దిగాడు,
ప్రతి మెట్టూ ఎవరిదో వీపు.
ఎదుటి జట్లకు ఊరికే దొరికిన గెలుపులు,
ఇప్పుడు వాళ్ల అంకెలూ అబద్ధాలే.

ఆ అయిదు వందల నియమం ఎవరు రాశారని తెరిచి చూశాను.
నా పేరే ఉంది. రెండేళ్ల కిందట, ఒక గురువారం.
డబ్బు తీసుకుని పిల్లల్ని పైకి మోసేవాళ్లను ఆపడానికి రాశాను.
మోసి అమ్ముకునేవాడూ,
మోయాలనుకున్న నాన్నా
నా పట్టికలో ఒకే గడి.

పద్నాలుగు రోజుల నిషేధం తీసెయ్యలేదు.
ఆ రాత్రే కొత్త నియమం పరీక్షకు పెట్టాను:
తేడా ఎంతైనా రానీ,
జట్టు మొత్తాన్నీ పెద్దంకెతోనే తూచు.
నిరీక్షణ పదహారు నిమిషాలు అని వచ్చింది.

ఆ పదహారు నిమిషాలూ
హెడ్‌ఫోన్లలో ఒక తండ్రీ కూతురూ
మాట్లాడుకుంటారా, విసుక్కుంటారా,
అంచనా వేసే వాక్యం
నాకు రాయడం రాదు.

వేర్నెరి చలికోటు తొడుక్కుంటూ
పదహారు ఎక్కువే, అన్నాడు.
పన్నెండుకు తెస్తే సమానం నాలుగు శాతం చెడుతుంది, అన్నాను.
చెడనీ అనలేదు, వద్దనీ అనలేదు.
లైటు ఆర్పడం మరిచి వెళ్లిపోయాడు.