ఎండు బరువు

సోమ, బుధ, శుక్రవారాలు నావి కావు.
తర్లుపాడులో తొలి బస్సెక్కి
మార్కాపురంలో దిగేసరికి
ఆస్పత్రి ముందు ఇడ్లీ బండికి ఇంకా ఆవిరి పట్టి ఉండదు.

ముందు కాటా.
వాళ్ళు డ్రై వెయిట్ అంటారు,
మేం ఎండు బరువంటాం.
నాది నలభై ఆరున్నర.
ఒంట్లో చుక్క ఎక్కువ లేకుండా
నేనెంత మనిషినో అంత.
ఆపైన ముల్లు ఎంత జరిగితే అంత నా తప్పు.

ఇరవై రెండేళ్ళు పలకలకు చట్రాలు బిగించినదాన్ని.
రాతి దుమ్ము గొంతుకు పట్టి
బిందె ఎత్తి గటగటా తాగేదాన్ని.
ఆ నీళ్ళే చేశాయంటారు కొందరు,
నొప్పి బిళ్ళలంటారు కొందరు,
డాక్టరమ్మ ఏదీ తేల్చదు.
నేనూ అడగడం మానేశాను.
ఇప్పుడు రోజుకు ముప్పావు లీటరు,
చారైనా, మజ్జిగైనా, మాత్ర దిగే గుక్కైనా అందులోనే.

వంటింట్లో అంచు విరిగిన పలకొకటి తగిలించుకున్నాను.
గుక్కకో గీత.
పాతిక దాటిన రాత్రి
మా ఆయన చూడకముందే
కొంగుతో రెండు చెరిపేస్తాను.
కాటా చెరపనివ్వదు.

మా నాలుగు మంచాల మీద పందెం ఒకటి ఉంది.
తక్కువ నీళ్ళు మోసుకొచ్చిన వాళ్ళకి
మిగతా ముగ్గురూ తలో రూపాయి.
బేస్తవారపేట మస్తాన్‌బీదే ఎప్పుడూ గెలుపు,
నిమ్మచెక్క గడ్డకట్టించి చప్పరిస్తుందట.
మాలకొండయ్యదే ఎప్పుడూ ఓటమి,
లారీ తోలిన మనిషి,
టీ బంకు కనపడితే కాలు దానంతటదే బ్రేకు మీద పడుద్దంటాడు.
కంభం లైన్‌మన్ ఆదెయ్య గెలవడు, ఓడడు,
లైటు మినుకుమన్నప్పుడల్లా
"పోదులే" అని మాత్రం అంటాడు.
సువార్త సిస్టరు కసిరినట్టే కసిరి
దూది డబ్బాలో చిల్లర తనే లెక్కపెడుతుంది.

సూదులు రెండు, దబ్బనానికి చెల్లెళ్ళు.
సువార్త గుచ్చితే కళ్ళు మూసుకోను.
కొత్త పిలగాడైతే ఫ్యాను రెక్కలు చూస్తాను,
పెద్దాడబిడ్డ, నడిపాడబిడ్డ, చిన్నాడబిడ్డ.
ముగ్గుర్నీ వరసగా తిట్టుకుంటుంటే
మూడోదాని వంతు రాకముందే
గుచ్చడం అయిపోతుంది.

ఇక నాలుగు గంటలు.
నెత్తురు గొట్టంలో ఎర్రగా పోయి
ఎర్రగానే తిరిగొస్తుంది,
ఏమేం వదిలించుకొచ్చిందో నాకు చెప్పదు.
మూడో గంటకి పిక్కలు పట్టేస్తాయి.
అప్పుడు మాలకొండయ్య ఘాటు రోడ్డు ఎక్కిస్తాడు:
"దోర్నాల దాటాం... మలుపు... హారన్ కొట్టు పేరమ్మా!"
పళ్ళ బిగువున కొడతాను.
ఏ మలుపులో ఏ లోడు పడిందో,
ఏ కోతి క్లీనరు అన్నం ఎత్తుకుపోయిందో
అన్నీ చెప్పి, మధ్యలో గురక పెడతాడు.
ఏడాదిన్నరగా ఒక్కసారీ
మమ్మల్ని శ్రీశైలం చేర్చలేదు.

రాత్రిళ్ళు ఎడమ చెయ్యి చెవికి ఆనించుకుంటాను.
తోలు కింద కలిపి కుట్టిన నరం
ఝుమ్మంటేనే నిద్ర.
మొదట్లో తేనెటీగ అనుకునేదాన్ని.
ఇప్పుడు అది రాయికోత మిషను.
ఎక్కడో దూరంగా రెండో షిఫ్టు నడుస్తోంది,
రేపటికి పని ఉంది.

మొన్న బుధవారం మస్తాన్‌బీ రాలేదు.
ఎవరం అడగలేదు.
ఆ గదిలో అన్నీ అడుగుతాం, ఆ ఒక్కటే అడగం.
ఆమె మంచం మీద పొదిలి కుర్రాడు,
ఇరవై కూడా నిండి ఉండవు,
వెలగని ఫోను పట్టుకుని గోడకి తిరిగి పడుకున్నాడు.
"ఎంత తెచ్చావు అబ్బయ్యా?" అన్నాడు మాలకొండయ్య.
చాలాసేపటికి,
"నాలుగు కేజీల రెండొందలు."
మాలకొండయ్య తొడ చరుచుకున్నాడు,
తనకంటే వెనక ఒకడు దొరికాడు!
"తియ్యి రూపాయి."
"చిల్లర లేదు... ఫోన్‌పే చెయ్యనా?"
"దూది డబ్బాకి ఫోనెక్కడిది రా?"
ఆదెయ్య నవ్వాడు.
ఆదెయ్యకి పళ్ళు లేవని ఆరోజే చూశాను.

ఆ పూట పందెం నాది.
సువార్త రెండు రూపాయలు, కుర్రాడి అప్పు ఒకటి
లెక్క చెప్పి డబ్బా చాచింది.
తీసుకోలేదు.
ఉంచు,
శుక్రవారం దాకా ఉంచు అన్నాను.