బొండాం

కవిటిలో బస్సు దిగి, అక్కణ్ణుంచి ఆటోలో మూడు మైళ్ళు.
నా సంచిలో బీపీ మిషను, బరువు చూసే కాటా,
అట్టకు బిగించిన కాగితాలు,
అడుగున, చున్నీలో చుట్టి, ఎవరికీ కనపడకుండా
ఏలూరు నుంచి వచ్చిన రోజు మొదలు నే మోసే
లీటరు నీళ్ళ సీసా.

ఉద్దానంలో అన్నిటికీ కొబ్బరి నీడే.
బడికి, బోరింగుకి, మందుల కొట్టుకి,
వారానికి మూడుసార్లు సోంపేట పోయి
రక్తం కడిగించుకొచ్చే బల్లెడ దుర్యోధనకి.

మొదటిసారి వెళ్ళినరోజు
మంచం మీంచే కొడుకుని కేకేశాడు:
"ఒరే, సిస్టరమ్మొచ్చినాది, కాయొకటి దించరా."
నా కాగితంలో ఎర్ర సిరాతో ఉంది
కొబ్బరి నీళ్ళు కూడదు. అరటిపండు కూడదు.
రోజుకి నీళ్ళు, పులుసుతో కలిపి, మూడు గ్లాసులు.
నాలుక తడవడానికి ఐసుముక్క చప్పరించే మనిషి ముందు
నేనెలా తాగను?
"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను" అన్నాను.
జాలి అనుకున్నాను దాన్ని.

ఆయనేం మాట్లాడలేదు.
కొడుకు కత్తి మళ్ళీ చూరులో దోపేశాడు.
ఆ వేళ నేనడిగిన పదిహేడు ప్రశ్నలకీ
ఒకటే జవాబు.
నిద్ర? బాగానే ఉంది. ఆకలి? బాగానే ఉంది.
మనసు ఎలా ఉంటోంది, ఒకటి నుంచి ఐదు లోపు?
గోడ వైపు తిరిగాడు.

గుమ్మం దాకా వచ్చింది జమునమ్మ.
"ఏటమ్మా, అలాగనేసినావు?
సావింట్లోనే కదా మంచినీళ్ళు ముట్టరు.
ఆరికేటో అయిపోనాదని నువ్వే సెప్పినట్టయిపోనాది."
కాస్సేపాగి, నా సంచి కేసి చూసి,
"నేకపోతే మా నీళ్ళంటే బయమేటి?
పెద్ద పెద్దోళ్ళే కార్లలో వొస్తారు,
సీసాల్లో పట్టుకొని పోతారు, పరీచ్చకి.
తాగినోడు నేడు."

సంచి భుజం మార్చుకున్నాను.
లోపల సీసా కుదిలింది. ఇద్దరం విన్నాం.

శ్రీకాకుళంలో మాకు రెండు రోజుల శిక్షణ.
ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి అని తెర మీద పడింది.
ఊపిరి లోపలికి. నాలుగు లెక్కపెట్టి బయటికి.
బిర్యానీ పొట్లం, సంతకం, ప్రయాణ భత్యం.
ఆ రాత్రి గదిలో లెక్కపెడుతూ పడుకున్నాను.
నాలుగో అంకె దగ్గర ప్రతిసారీ
ఒక కత్తి చూరులోకి పోతోంది.

తర్వాతి మంగళవారం సీసా గదిలో వదిలేసి వెళ్ళాను.
ధైర్యం అనకండి, దారంతా నోరెండిపోయింది.
ఆ నీళ్ళ సంగతి నాకూ ఎవరూ తేల్చి చెప్పలేదు.
ఆయన కేకెయ్యక ముందే అడిగాను:
"కాయున్నాదేటి మావా?"
ఆ మాట నాది కాదు,
ఆటో అబ్బాయి దగ్గర అప్పు తెచ్చుకున్నది.
పలకడంలో ఎక్కడో తప్పాను కాబోలు,
జమునమ్మ కొంగడ్డం పెట్టుకుంది.

దుర్యోధన లేచి కూర్చున్నాడు.
సూదులు గుచ్చీ గుచ్చీ తాడులా పొంగిన చెయ్యి
ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో చూపించాడు:
"అదిగాదొరే, తూరుపేపు సెట్టు.
తిత్లీకి పడిపోనిది అదొక్కటే."

తాగాను.
ప్రతి గుక్కా నా గొంతు దిగడం ఆయన చూస్తుండగా.
"తియ్యగున్నాదా?"
ఉందన్నాను.
"ఉప్పేటైనా తగిలినాదా?"
కొంచెం, అన్నాను.
"సముద్రం దగ్గిరే మరి," అని
తనే తాగినట్టు మూతి తుడుచుకున్నాడు.

అప్పుడు, నేనేమీ అడక్కుండా,
"నిద్ర నేదు సిస్టరమ్మా. పది రోజులై.
కళ్ళు మూస్తే మిషను సప్పుడే. మరి నీకో?"
కాగితంలో ఆ గడి లేదు.
"నాకూ నేదు మావా," అన్నాను.
ఈసారి మాట సరిగ్గానే పలికింది.

జమునమ్మ బొండాం రెండుగా కొట్టింది.
లేత కొబ్బరి నాకు పెట్టి,
గోటి మీద మిగిలినంత
ఆయన నాలుక మీద రాసింది.

నేను తల దించుకుని
కాగితాల్లో ఏదో వెతికాను, చాలాసేపు.