ఏడో బిరడా

చిలోయె దీవిలో ఆగస్టంతా వానే.
రేకుల పాక మీద ఎవరో మేకుల డబ్బా
ఒంపుతూనే ఉన్నట్టు.
కింద, రెండు పాత టైర్ల మీద బోర్లా పడుకుని
మిల్యాలోంకో వాళ్ళ పడవ ఇంజను.
మూడు సిలిండర్లు, ముప్పై ఎనిమిదేళ్ళ ఉప్పు.

నేను లైటు పట్టుకుంటాను. నా కొలువు అదే.
ఓర్ఫెలీనా పానా పట్టుకుంటుంది.
బల్దొమేరో ముసలాయన పట్టుకునేది మాతే గిన్నె ఒక్కటే.
ఈ పాక ఒకప్పుడు ఆయనదే,
ఇప్పుడు పొయ్యి పక్కన ఆ స్టూలు మాత్రం ఆయనది.

ఇంజను దిమ్మలో నూనె పారే దారుల చివర
బిరడాలు ఏడు.
అవి ఊడితే తప్ప లోపలి మడ్డి కడగలేం.
కడక్కుండా కొత్త బేరింగులు వేస్తే
కంట్లో నలుసు ఉంచుకుని కాటుక దిద్దినట్టే.

"బలం చూపించకు" అంటుంది నాతో.
"బలం ఉన్నవాళ్ళు విరగ్గొట్టినవే నా కూడూ గుడ్డా."

ముందు తల మీద సుత్తితో రెండు దెబ్బలు,
కోపంగా కాదు, నిద్రపోయేవాళ్ళ తలుపు తట్టినట్టు.
తర్వాత మంట.
ఇనుము ఎర్రబడే లోపే ఆపి
సగం కాలిన చర్చి కొవ్వొత్తి ఆనిస్తుంది.
(అడిగి తెచ్చిందో అడక్క తెచ్చిందో నేనడగలేదు.)
మైనం మరల్లోకి చప్పుడు లేకుండా దిగిపోతుంది.
అప్పుడైనా విప్పదు.
బిగిస్తుంది.
వెంట్రుకవాసి బిగించి, వెంట్రుకవాసి వదిలి,
మళ్ళీ బిగించి...
మొండివాడితో ముందు "నీదే నిజం" అన్నట్టు.

ఒకటి. రెండు. మూడోది కీచుమంది.
నాలుగూ అయిదూ భోజనాల వేళకి.
ఆరోదాన్ని నూనెలో నానేసి ఇంటికెళ్ళిపోయాం;
పొద్దున్న వచ్చేసరికి దానికే విసుగొచ్చినట్టుంది,
వచ్చేసింది.

ఏడోది ఉడుం.
నాలుగు పలకల గుంట గుండ్రంగా అరిగిపోయి
ఏది దూర్చినా జారుతోంది.
చుట్టూ మూడు ఉలి గాట్లు, ఒకే వాలు.
ఎడమచేతి వాటం మనిషి కొట్టినవి.
"ఏ గాడిద చేసిన పనిది?" అంది, ఇనుముకేసే చూస్తూ.

కాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
ముసలాయన పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు,
ఎడమచేత్తో.
నేనెందుకో లైటు పక్కకి తిప్పాను.

బిరడా నెత్తిన నట్టు ఒకటి పెట్టి వెల్డింగు చెయ్యాలి.
నన్ను కళ్ళు మూసుకోమంది.
తను ముసుగు దించుకుంది.
చిటపటలు ఆగాయి. కాలిన వాసన.
నట్టు ఎరుపు నలుపయ్యేదాకా ఆగాలి,
ముసుగు ఇంకా తియ్యలేదు తను,
నా కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

"చేపలు పడని ఏడు" అన్నాడాయన.
"తెల్లారేసరికి పడవ నీళ్ళలో ఉండాలన్నాడు
ఈ కుర్రాళ్ళ తాత.
ఆరూ కూడా ముట్టుకోలేదు. దీన్నే పట్టుకుని
రాత్రంతా కొట్టాను.
ఊడలేదు.
అన్నీ కడిగానని చెప్పి డబ్బు తీసుకున్నా."

ఓర్ఫెలీనా ముసుగెత్తింది.
ఏమంటుందోనని చూశాను.
"ఇటొచ్చి ఈ కడ్డీ పట్టుకో, బల్దొమేరో.
నా మోచెయ్యి లాగేస్తోంది."

వణికే కుడిచెయ్యి, వణకని ఎడమచెయ్యి,
వాటి మీద ఆమె రెండు చేతులు.
బిగించారు. వదిలారు. బిగించారు.
టక్కున ఒక శబ్దం, విరిగిందనుకున్నాను.
ఇనుము తిరిగింది.

వెనకాల తారులాంటి మడ్డి
చిటికెనవేలంత లావున
తొందరేమీ లేకుండా బయటికొచ్చింది.
ఎవరం మాట్లాడలేదు. కంపు మాత్రం చాలాసేపుంది.

సాయంత్రం బిల్లు రాస్తూ
"బిరడాలు తీసి కడిగినందుకు: ఏడు" అని రాసి,
కొట్టేసి, ఆరు అని దిద్దింది.
తప్పు లెక్క అన్నాను.
కాదట. ఏడోదానికి
వాళ్ళ తాత ఎప్పుడో ఇచ్చేశాడట.