ఎదురు మడత

మానియాగోలో మంగళవారం, వాన.
బడిలో పియానోకి శ్రుతి చేసి వస్తూ
కొల్వేరా వాగు పక్క సందులో ఆగాను.
డొరీనో దుకాణం. తలుపుకి గంట లేదు,
కుక్క ఉంది.

నా సొరుగులో ఇప్పటికే నలభై మూడున్నాయి.
పిడిలోంచి పాము నాలుకలా జారేది ఒకటి,
పురుగు రెక్కల్లా రెండు చెక్కలూ విప్పితే గాని
అలుగు కనబడనిది ఒకటి,
తాళంచెవినని బుకాయించేది,
చేపలా ఒంగి పడుకునేది,
మూడుచోట్ల నొక్కి ఒకచోట వదిలితే గాని
మాట వినని మొండిఘటం.
మా చెల్లెలు అల్వీజా అడుగుతుంది,
"వీటితో ఏం కోస్తావు?"
నిజమే. మా ఇంట్లో పొలెంటాని దారంతో కోస్తాం.
కత్తుల ఊరికి అరగంట దూరంలో,
దారంతో.

ఏం చెప్పను దానికి?
తెరుచుకునే ఆ అరక్షణానికే నేను డబ్బు పోస్తాను.
ఎటు తిరగాలా అని ఇనుము కాస్త తటపటాయించి
టక్కున ఒక నిర్ణయానికి వచ్చే చప్పుడు.
మంచి కత్తి ఒక్క స్వరం పలుకుతుంది.
చెడ్డది దగ్గుతుంది.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా,
మడత కత్తికి ఆ తగువే లేదు,
తన ఒర తనే.
పగలంతా తనలో తను ముడుచుకుని
నా జేబులో బస్సు చిల్లరతో కాపురం చేస్తుంది.

డొరీనో నా ఉపన్యాసం అంతా విన్నాడు.
గుడ్డతో చేతులు తుడుచుకుని
పై అరలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.
మేకకొమ్ము పిడి, వంకర.
లోకంలోని కత్తులన్నీ పైకి తెరుచుకుంటే
ఇది కిందికి, అరచేతి వైపుకి, ఎదురు తిరుగుతుంది.
పిడి మీద ఉండకూడని చోట ఒక గుంట.
అటు తిప్పాను, ఇటు తిప్పాను,
చేతిలో నిలవదు.
నలభై మూడిట్లో ఒక్కటీ నన్నింత పరాయిగా చూడలేదు.
అక్కడే పుట్టింది ఆశ.

"ఎంతకిస్తావు?"
"తప్పు చేత్తో పట్టుకున్నావు."
ఎడమచేతికి మార్చాను. కొంత దారికొచ్చింది.
"ఇప్పుడు బొటనవేలు సగం లేదనుకో."
వేలు మడిచాను.
కణుపు వెళ్ళి గుంటలో కూర్చుంది.
అలుగు కదిలింది.
ఒక్క స్వరం.

అరవై ఎనిమిదిలో, ఫ్యాక్టరీ ప్రెస్సు కింద
ఒనేలియా వేలు పోయింది.
అయిదో ప్రయత్నంలో కుదిరిందట ఈ పిడి,
మొదటి నాలుగూ ఆమె వాగులోకి విసిరేసింది.
ఆ పైన నలభై నాలుగేళ్ళు దీనితోనే
ద్రాక్షతీగెలు కోసింది, ఉత్తరాలు చించింది,
మనవల పెన్సిళ్ళు చెక్కింది,
ఒకసారి డాక్టరు బూటు లేసు తెంపింది,
ఎందుకో డొరీనో చెప్పలేదు.
సంతలో జనం మూగి "ఎంత వింత కత్తి!" అంటే
ఆమెకి నవ్వొచ్చేదట.
మీవే వింత, అనేదట,
ఇన్ని చేతులకి ఒకే కత్తి.

మధ్యాహ్నం గంట కొట్టింది.
డొరీనో కత్తిని తన ఎడమచేతిలోకి తీసుకున్నాడు.
కుడిచేతి వాటం మనిషి, పదివేళ్ళూ ఉన్నవాడు,
బొటనవేలు మడిచి, మెల్లగా,
బేరిపండుని రెండు చెక్కలు చేశాడు.
ఒకటి నాకు.
"పదకొండేళ్ళుగా నేర్చుకుంటున్నాను,
ఇంకా తొక్క సన్నగా రాదు."
ధర మళ్ళీ అడగలేదు నేను.

ఇంటికొచ్చి సొరుగు తెరిచాను.
పాము నాలుక, రెక్కలు, తాళంచెవి, చేప.
ఒక్కోదాన్నీ ఎడమచేత్తో పట్టి చూశాను,
ఎవరైనా దొరుకుతారేమోనని.
మొండిఘటం దగ్గర చాలాసేపు ఆగాను.
ఆ మూడు నొక్కులు ఏ వేళ్ళకోసమో.

రాత్రి పొలెంటా కోస్తుంటే
దారం ఎడమచేతిలో ఉంది, బొటనవేలు మడిచి ఉంది.
ముక్క వంకరగా తెగింది.
అల్వీజా పళ్ళెం చాపి
ఆ వంకర ముక్కే కావాలంది.